దసరా సెలవులు: ఏడీహెచ్‌డీ బాబు, పడని తిండి, బొమ్మల కొలువులు, పైగా ఊరి ప్రయాణం

హెచ్ఎస్ఆర్_అమ్మ:
అందరికీ నమస్కారమండీ. బాబుకి ఎనిమిదేళ్ళు, ఏడీహెచ్‌డీ (కుదురు, ఏకాగ్రత నిలవని సమస్య). దానికి పొద్దున ఒక లాంగ్ యాక్టింగ్ (రోజంతా నిదానంగా పనిచేసే) మిథైల్‌ఫెనిడేట్ మాత్ర. పాలు తాగితే కడుపుబ్బరం, విరేచనాలు. గోధుమ కూడా పడట్లేదేమోనని అనుమానం, టెస్టులు ఇంకా చేయించలేదు. రంగు స్వీట్లు తిన్న రోజు ఇల్లు పీకి పందిరేస్తాడని అత్తగారి ఫిర్యాదు. నవరాత్రుల్లో మొదటి కొన్ని రోజులు ఇక్కడే బెంగళూరులో ఉండి కొలువులకి వెళ్ళాలి. తర్వాత రాత్రి బస్సులో గుడివాడ. బడి లేని రోజుల్లో మాత్ర ఆపెయ్యొచ్చా? పండగ వంటలు ఏం పెట్టాలి? నలుగురిలో ఎలా నెట్టుకురావాలి? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

మందులషాపు:
ముందు మాత్ర సంగతి, ఎందుకంటే మిగతావన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

ఆపాలా వద్దా అన్నది డాక్టరు తేల్చాల్సిందే. మిథైల్‌ఫెనిడేట్‌కి సెలవుల్లో విరామం ఇచ్చే డాక్టర్లున్నారు, ముఖ్యంగా బరువు, ఎత్తు సరిగ్గా పెరగని పిల్లలకి. కానీ కొత్త ఇళ్ళు, జనం, ప్రయాణం ఉన్న వారంలో ఆపితే పిల్లాడికే కష్టం. అటామాక్సెటిన్ అనే ఇంకో ఏడీహెచ్‌డీ మందు వాడేవాళ్ళు మాత్రం ఈ విరామాల జోలికి పోవద్దు. అది రోజూ పడితేనే పనిచేసే మందు, పూర్తి ఫలితం కనిపించడానికే వారాలు పడుతుంది. రాత్రి నిద్రకని క్లోనిడిన్ ఇస్తుంటే దాన్ని ఉన్నపళంగా ఆపకూడదు, బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది.

రెండోది, కొనడం. మిథైల్‌ఫెనిడేట్ మన దేశంలో షెడ్యూల్ ఎక్స్ మందు. అమ్మడానికి షాపుకి వేరే లైసెన్సు ఉండాలి, డాక్టరు చీటీ రెండు కాపీలు కావాలి, ఒకటి షాపువాళ్ళు రెండేళ్ళు దాచాలి. బెంగళూరులోనే అన్ని షాపుల్లో దొరకదు. చిన్న ఊళ్ళో దొరుకుతుందని నమ్ముకోవద్దు. ప్రయాణానికి వారం ముందే, ఉండబోయే రోజులకి ఇంకో ఐదారు రోజులు కలిపి కొనుక్కోండి. మాత్రల్ని స్ట్రిప్పులోంచి తీసి డబ్బాలో పోయకండి. స్ట్రిప్పు, చీటీ జిరాక్సు రెండూ చేతిసంచిలో ఉండాలి, బస్సు డిక్కీలో వేసే సూట్‌కేసులో కాదు.

మూడోది, వేళ. సెలవులే కదా అని తొమ్మిదింటికి లేపి తొమ్మిదిన్నరకి మాత్ర వేస్తే ఆ రాత్రి పన్నెండైనా కన్ను మూతపడదు. మర్నాడు లేవడం ఇంకా ఆలస్యం. మూడు రోజుల్లో గడియారం తిరగబడుతుంది, నింద పండగ తిండి మీద పడుతుంది. బడి రోజున వేసే వేళకే వెయ్యండి. పొద్దున మర్చిపోయి మధ్యాహ్నం గుర్తొస్తే ఆ రోజుకి వదిలెయ్యండి. మర్నాడు రెండు వెయ్యకూడదు. లాంగ్ యాక్టింగ్ మాత్రని నూరడం, విరగ్గొట్టడం వద్దు, పన్నెండు గంటలు నిదానంగా ఒంట్లోకి చేరాల్సింది ఒక్కసారే చేరుతుంది. కొన్ని క్యాప్సూల్స్ విప్పి గుళికలు చల్లి పెట్టొచ్చు, మీది ఆ రకమో కాదో డాక్టర్ని అడిగాకే.

గుగ్గిళ్ళు_సెట్టు:
మాత్ర పడ్డాక ఆకలి చచ్చిపోతుంది కదా, తిండి వేళలు అందుకు తగ్గట్టు అమర్చుకోవాలి. పొద్దున లేవగానే, మందు ఎక్కకముందే గట్టిగా పెట్టాలి. రెండు పెసరట్లు, నెయ్యి, పల్లీ చట్నీ. లేదా బియ్యపురవ్వ ఉప్మా. మధ్యాహ్నం పెద్దగా తినడు. బలవంతం చెయ్యకుండా పెరుగన్నం నాలుగు ముద్దలు, ఒక అరటిపండు చాలు. అసలు భోజనం సాయంత్రం ఆరున్నర, ఏడు మధ్య, మందు దిగేటప్పుడు. పడుకునే ముందు మళ్ళీ ఒక చిన్న పళ్ళెం: వేరుశెనగ ఉండ, లేదా పప్పు కలిపిన అన్నం. కొలువులన్నీ సరిగ్గా ఆ ఆరున్నర వేళకే ఉంటాయి, అక్కడే దెబ్బ తినేది. ఆకలి, మందు దిగడం, జనం, మూడూ ఒకేసారి. బయల్దేరే ముందు ఇంట్లో అన్నం పెట్టే తీసుకెళ్ళండి, "అక్కడ ప్రసాదం ఉంటుందిలే" అనుకోవద్దు.

పెరుగన్నం ఎందుకన్నానంటే, మీరు చెప్పిన లక్షణాలు లాక్టోజ్, అంటే పాలలో ఉండే చక్కెర, పడకపోవడంలా ఉన్నాయి. అదే అయితే పెరుగు చాలామందికి పడుతుంది, నెయ్యిలో లాక్టోజ్ దాదాపు ఉండదు. ఇబ్బందంతా పాలు, పాలపొడి, కోవాతో. పాల ఎలర్జీ మాత్రం వేరే కథ. దద్దుర్లు, పెదవుల వాపు, వాంతి వెంటనే వస్తే అది ఎలర్జీ, అప్పుడు నెయ్యిలో మిగిలిన చిటికెడు ప్రొటీన్ కూడా ప్రమాదమే. ఊపిరి అందకపోతే వంటింటి వైద్యం వద్దు, 108.

బన్నేరుఘట్ట_బామ్మ:
ఇదంతా సరే గానీ, అసలు చక్కెర మానిపించండి. సగం గోల అక్కడే తగ్గుతుంది.

మాజీ_టీచరు:
బామ్మగారూ, పెద్దలు మీరు, కోప్పడకండి. చక్కెర తింటే పిల్లలు చిందులేస్తారన్నది పరీక్షకి నిలవలేదు. పిల్లలకి, తల్లిదండ్రులకి ఎవరికీ తెలియకుండా చక్కెర ఇచ్చి, ఇవ్వకుండా చూసిన పరిశోధనలన్నీ 1995లో ఒకచోట చేర్చి చూశారు, ప్రవర్తనలో తేడా కనిపించలేదు. 1994లో ఇంకో తమాషా పరీక్ష జరిగింది. పిల్లలకి చక్కెర లేని పానీయమే ఇచ్చి, కొందరు తల్లులకి మాత్రం చక్కెర ఇచ్చామని చెప్పారు. ఆ తల్లులకే తమ పిల్లల అల్లరి ఎక్కువగా కనిపించింది. పళ్ళకి, ఆకలికి చక్కెర మంచిది కాదు, అందుకు తగ్గించండి, ఒప్పుకుంటా.

రంగుల విషయం అలా కొట్టిపారెయ్యలేం. 2007లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు మూడేళ్ళ పిల్లలు, ఎనిమిది తొమ్మిదేళ్ళ పిల్లలు మొత్తం 297 మంది మీద చూశారు. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళని ఏరి తీసుకోలేదు, మామూలు పిల్లలే. ఆరు కృత్రిమ రంగుల్లో కొన్ని, నిల్వకి వేసే సోడియం బెంజోయేట్ కలిపిన పానీయం ఇస్తే సగటున అల్లరి కొంచెం పెరిగింది. సగటు చిన్నదే, పిల్లాణ్ణి బట్టి తేడా పెద్దది. 2010 జూలై నుంచి యూరప్‌లో ఆ ఆరు రంగులున్న ప్యాకెట్ మీద పిల్లల చురుకుదనం, ఏకాగ్రతల గురించి హెచ్చరిక రాయాలి. మన దగ్గర ఆ హెచ్చరిక లేదు గానీ నంబరు ఉంటుంది. ఆ ఆరింటిలో నాలుగు: టార్ట్రజీన్ 102, సన్‌సెట్ యెల్లో 110, కార్మోయిజీన్ 122, పోన్సో 124. బెంజోయేట్ 211. ఐఎన్ఎస్ అని రాసి పక్కన అంకె వేస్తారు. ఫోన్‌లో ఒక ఫోటోగా పెట్టుకుని షాపులో సరిచూసుకోవచ్చు.

కేఆర్‌పురం_నాన్న:
కర్ణాటకలో రంగులు నిషేధించారు కదా?

మాజీ_టీచరు:
అన్నిట్లో కాదు. 2024 మార్చిలో గోబీ మంచూరియాలో, పీచుమిఠాయిలో కృత్రిమ రంగులు వద్దన్నారు, జూన్‌లో కబాబులకీ పొడిగించారు. స్వీట్లలో పరిమితి లోపు అనుమతి ఉన్న రంగులు ఇప్పటికీ వెయ్యొచ్చు. హోటలు కేసరి భాత్ పసుపురంగు ఎక్కువసార్లు కుంకుమపువ్వుది కాదు. బండి మీద గోబీ ఇప్పటికీ ఎర్రగా మెరుస్తుంటే ఆ నిషేధం అక్కడిదాకా రాలేదన్నమాట. విడి స్వీట్లకి 2020 అక్టోబరు నుంచి ఎప్పటిలోగా తినాలో రాసి పెట్టమన్నారు, అందులో ఏం వేశారో మాత్రం తెలియదు.

గుగ్గిళ్ళు_సెట్టు:
కేసరి భాత్ మాట వచ్చింది కాబట్టి. అందులో రంగొక్కటే లేదు, బొంబాయి రవ్వ అంటే గోధుమే, కొన్నిచోట్ల పాలూ పోస్తారు. చౌచౌ భాత్ (కేసరి భాత్, ఉప్మా కలిపి పెట్టేది) తిన్న రోజు పిల్లాడు గోల చేస్తే ఒకే గిన్నెలో ముగ్గురు అనుమానితులు. ఎవర్ని పట్టుకుంటారు? పైగా ఆ రోజు పండగ, పొద్దుపోయి లేచాడు, మాత్ర ఆలస్యం. పండగ రోజుల్లో ఏ తిండి పరీక్షా పెట్టకండి, లెక్క తేలదు.

పరీక్ష బడి రోజుల్లో. రెండు వారాలు రంగు పూర్తిగా మాని, ఆ తర్వాత మూతున్న స్టీలు గ్లాసులో నిమ్మ షర్బత్. కొన్ని రోజులు ఒక చిటికె ఫుడ్ కలరుతో, కొన్ని రోజులు అది లేకుండా. ఏ రోజు ఏదో ఒక్కరికే తెలియాలి, పిల్లాడికీ తెలియకూడదు. ఇంకొకరు రాత్రి సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేస్తారు: కుదురు, కోపం, నిద్ర. చివర్లో చీటీలు కలిపి చూడాలి. రంగు తింటే దద్దుర్లు, ఆయాసం వచ్చే పిల్లలకి ఇది ఇంట్లో చెయ్యకూడదు.

గోధుమ మాత్రం ఇప్పుడే మానిపించకండి, దయచేసి. సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ వల్ల పేగు దెబ్బతినే జబ్బు) ఉందేమో చూసే టీటీజీ-ఐజీఏ రక్తపరీక్ష గోధుమ తింటున్నప్పుడే చెయ్యాలి. మానేశాక చేస్తే రోగం ఉన్నా లేనట్టు రావచ్చు. ముందు రక్తం ఇచ్చి, రిపోర్టు చూసి డాక్టరు చెప్పాకే మాన్పించండి. తలవెంట్రుకో చుక్క రక్తమో తీసుకుని వంద పదార్థాల ఐజీజీ ప్యాకేజీ అని అమ్మేవాటికి డబ్బు తగలెయ్యొద్దు. ఐజీజీ అంటే ఆ తిండి తిన్నాడని గుర్తు, పడలేదని కాదు. ఆ రిపోర్టు పట్టుకుని ఇరవై పదార్థాలు ఆపేస్తే, అసలే ఆకలి లేని పిల్లాడు ఇంకా చిక్కిపోతాడు.

హెచ్ఎస్ఆర్_అమ్మ:
అయ్యో, వచ్చే వారమే మాన్పిద్దామనుకున్నా. అయితే దసరాకి ముందే రక్తం ఇచ్చేస్తాం. డాక్టరు మానమంటే గోధుమ లేకుండా పండగ వంట ఎలా? అత్తగారింట్లో బొబ్బట్లు ఖాయం.

గుగ్గిళ్ళు_సెట్టు:
బొబ్బట్ల బదులు బూరెలు. పిల్లాడికి వేరుగా కాదు, ఇంటిల్లిపాదికీ అవే. "నీకిది వద్దు" అని పక్కన కూర్చోబెట్టి అందరూ తింటే వాడు దొంగచాటుగా తింటాడు, మనం కాపలా కాయలేం.

పై తోపుకి అర కప్పు మినప్పప్పు, కప్పు బియ్యం, నాలుగైదు గంటలు నానబెట్టి నీళ్ళు తక్కువ పోసి గట్టిగా రుబ్బాలి. చిటికెడు ఉప్పు. లోపల కప్పు శెనగపప్పు, కప్పు బెల్లం తురుము. పప్పు మెత్తగా ఉడకాలి, చెదరకూడదు. నీళ్ళు పూర్తిగా వార్చాలి, ఆ నీళ్ళు చారుకి. మెదిపి బెల్లంతో ఉడికించి, చేతికి అంటుకోకుండా వచ్చాక దింపి యాలకుల పొడి. నిమ్మకాయంత ఉండలు. బూరె నూనెలో పగిలిందంటే రెండే కారణాలు: తోపు పలచనైంది, లేదా పూర్ణంలో తడి ఉంది. తోపు పలచనైతే ఒక చెంచా బియ్యప్పిండి. పూర్ణం తడిస్తే మళ్ళీ పొయ్యి మీదికి, వేరే దారి లేదు.

అదే మూకుడులో అంతకుముందు మైదా గవ్వలు వేయించి ఉంటే ఆ నూనెలో గోధుమ ఉన్నట్టే. సీలియాక్ తేలితే ఇది చాలా ముఖ్యం. బాబు వాయి ముందు, తాజా నూనెలో. బియ్యప్పిండి కూడా బయట మరలో పట్టించవద్దు, అంతకుముందు గోధుమలు పట్టిన మర అది. ఇంట్లో మిక్సీలో కొట్టుకోండి.

ఇక చాలామంది చూడనిది ఇంగువ. డబ్బా వెనక చదవండి, ఎక్కువ బ్రాండ్లలో గోధుమపిండో మైదానో ఉంటుంది. పులిహోర, గుగ్గిళ్ళు, సాంబారు పొడి, ఆవకాయ, అన్నిట్లోకీ అది వెళ్తుంది. బియ్యప్పిండితో చేసినదని రాసి ఉన్నది కొని, మీ డబ్బా మీరే పట్టుకెళ్ళండి. అత్తగారి వంటింట్లో "ఈ ఇంగువ వాసన బాగుందత్తయ్యా" అని పెడితే పని సాఫీగా అయిపోతుంది, గ్లూటెన్ మీద ఉపన్యాసం అక్కర్లేదు.

బన్నేరుఘట్ట_బామ్మ:
ఇదేదో నచ్చింది. అరిసెలు కూడా చేసుకోవచ్చు, బియ్యప్పిండి, బెల్లం, నువ్వులే కదా. చలిమిడి కూడా.

ఓటీ_ఆంటీ:
కొలువుల గురించి ఎవరూ రాయలేదు. పిల్లల ఆక్యుపేషనల్ థెరపీలో (రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే చికిత్స) మేం చెప్పేది రాస్తున్నా.

ఏడెనిమిది మెట్ల మీద అందుబాటు ఎత్తులో మట్టిబొమ్మలు, చుట్టూ "ముట్టుకోకు" అనే పెద్దలు. ఈ పిల్లలకి చేతులు కట్టుకుని చూడడం అన్నిటికన్నా కష్టం. వద్దనడం కాదు, చేతికి ఇంకేదో ఉండాలి. వెళ్ళేముందే ఒక పని ఒప్పగించండి: ఫోన్ ఇచ్చి ప్రతి మెట్టునీ ఒక ఫోటో తియ్యమనండి, లేదా ఈ ఇంట్లో ఏనుగులు ఎన్ని, దశావతారాల్లో ఏది లేదు కనిపెట్టమనండి. గృహిణి ఒప్పుకుంటే వచ్చినవాళ్ళకి తాంబూలం సంచులు అందించే పని. సంచి అందించడానికి ప్రతిసారీ లేచి నడవాలి, ఈ పిల్లలకి కావలసింది అదే.

నాలుగున్నర, ఐదుకి వెళ్ళండి. జనం ఉండరు, మందు ఇంకా పనిచేస్తుంటుంది. రోజుకి రెండిళ్ళు మించవద్దు, ఇంటికి ఇరవై నిమిషాలు. అక్టోబరు సాయంత్రాలు ఇక్కడ వాన పడితే ఆటోలో గంట ఇరుక్కుపోతారు, ఒకే వీధిలో ఉన్న ఇళ్ళని కలపండి. కూర్చోబెట్టేది మెట్లకి ఎదురుగా కాదు, పక్కగా, గుమ్మం దగ్గర. బయటికి వెళ్ళాలనిపిస్తే మాట్లాడకుండా అమ్మ మోచెయ్యి రెండుసార్లు తట్టాలి. అది ముందే ఇంట్లో సాధన చేయించండి. తట్టిన వెంటనే లేవాలి. "ఐదు నిమిషాలాగు" అన్నారంటే ఆ సైగ ఇక పనిచెయ్యదు.

పిలిచినవాళ్ళకి పొద్దునే ఒక మెసేజ్ పెట్టండి, ఇలా సరిపోతుంది: "అక్కా, ఐదింటికి వస్తాం, త్వరగా వెళ్ళాలి. బాబుకి పాలు, రంగు స్వీట్లు పడవు, గుగ్గిళ్ళు చాలు." జబ్బు పేరు రాయక్కర్లేదు.

మీ ఇంట్లోనే కొలువు పెడితే మెట్ల కింద మొలకలతో పెంచే పార్కు బాబుదే. మహాలయ అమావాస్య ముందు రాత్రి ఆవాలు, మెంతులు నానబెట్టి, మర్నాడు వెడల్పాటి పళ్ళెంలో తడిపిన కొబ్బరిపీచు పొట్టు మీద చల్లమనండి. రెండు మూడు రోజుల్లో ఆవాలు లేస్తాయి, ఏడీహెచ్‌డీ పిల్లలకి ఓపిక పట్టగలిగినంత గడువు అది. నీళ్ళు చెంబుతో పోస్తే కుళ్ళి బూజు పడుతుంది. స్ప్రే సీసా ఇచ్చి పొద్దున పది నొక్కులు, సాయంత్రం పది అని అంకె చెప్పండి. "కొంచెం చల్లు" అంటే పళ్ళెం చెరువవుతుంది.

కేఆర్‌పురం_నాన్న:
బస్సు గురించి. మడివాళ, సిల్క్‌బోర్డు దగ్గర ఎక్కకండి. రాత్రి తొమ్మిది, పది మధ్య రోడ్డు పక్కన, బస్సు ఎప్పుడొస్తుందో తెలియక నిలబడాలి. మందు పూర్తిగా దిగిన వేళ, పక్కనే లారీలు. బోర్డింగు కేఆర్ పురానికో హోస్కోటకో మార్చుకుని, ట్రాకింగులో బస్సు కదిలిందని చూశాకే బయల్దేరండి. మీ హెచ్ఎస్ఆర్ నుంచి అది దూరమే, అయినా మెట్రోలోనో క్యాబులోనో కూర్చుని పోవడం మేలు. అన్నిటికన్నా రైలు మంచిది, నడవడానికి చోటుంటుంది. పై బెర్తు వద్దు, దిగి ఎక్కడమే ఆటైపోతుంది. సైడు లోయరు అడగండి.

తిండి: పొడి ఇడ్లీలు, అంటే కారప్పొడి, నూనె రాసి చల్లార్చి డబ్బాలో పెట్టినవి, రాత్రికి పాడవవు. నిమ్మకాయ పులిహోర, వేయించిన అటుకులు. దారి హోటల్లో గోధుమ, పాలు లేనిది అడిగితే ఇడ్లీ అంటారు, పక్కన సాంబారులో ఇంగువ సంగతి పైన చెప్పారు. చలువ బస్సులో జలుబు చేస్తే షాపులో సిరప్ కొని పొయ్యొద్దు, ముక్కు దిబ్బడ మందుల్లో ఉండే ఫినైలెఫ్రిన్ ఈ మాత్రతో కలిస్తే గుండెదడ, బీపీ పెరగొచ్చు. డాక్టరుకి ఫోన్ చేసి అడిగాకే.

హెచ్ఎస్ఆర్_అమ్మ:
చాలా థాంక్సండీ అందరికీ. ఊళ్ళో మాత్రం "మేమూ అల్లరి చేశాం, మందులు మింగామా" అంటారు, దానికేం చెప్పాలి?

మాజీ_టీచరు:
వాదించి గెలవలేరు, పైగా పిల్లాడు వింటుంటాడు. "డాక్టరు రాశారు మావయ్యా, మధ్యలో ఆపకూడదన్నారు", అంతే. వాళ్ళ చేతికి పని ఇవ్వండి. ఒక కాగితం మీద పెట్టగలిగేవి పదిహేను, వద్దనేవి నాలుగు, పెద్ద అక్షరాలతో రాసి వంటింటి తలుపుకి అంటించండి. పెట్టేవి ఎక్కువ కనిపిస్తే బామ్మకి చిన్నతనంగా ఉండదు. తాతగారికి పొద్దున నడక: ఆరున్నరకి చెరువుగట్టు దాకా వాణ్ణి తీసుకెళ్ళడం. వచ్చి స్నానం, టిఫిను, మాత్ర. లేచే వేళ దానంతటదే నిలబడుతుంది. "పిచ్చి మాత్ర" అనే మాట ఎవరైనా అంటే మాత్రం పక్కకి పిలిచి గట్టిగా చెప్పండి, అక్కడ మొహమాటం వద్దు.

సెలవుల హోంవర్క్ మందు ఎక్కిన గంట తర్వాత, పది నిమిషాలు టైమరు, ఐదు నిమిషాలు పరుగు, మళ్ళీ పది. రోజుకి అంతకన్నా ఆశించకండి.

మందులషాపు:
బయల్దేరేరోజు, తిరిగొచ్చిన రోజు ఒకే కాటా మీద బరువు చూసి రాసిపెట్టండి. వచ్చేసారి డాక్టరు అడిగే మొదటి ప్రశ్న అదే. మాత్రల స్ట్రిప్పు బస్సు కిటికీ దగ్గర, కారు డ్యాష్‌బోర్డు మీద ఎండలో పెట్టొద్దు. ఊళ్ళో వేరే పిల్లలుంటారు కాబట్టి అత్తగారి బీరువాలో, తాళం వేసి.

హెచ్ఎస్ఆర్_అమ్మ:
ఒక్క చివరి డౌటు. గుళ్ళో చక్రపొంగలి ప్రసాదం వద్దనలేం కదా?

గుగ్గిళ్ళు_సెట్టు:
బియ్యం, పెసరపప్పు, బెల్లం, నెయ్యి. గోధుమ ఉండదు. పాలు పోశారేమో ఒక్కటి అడగండి, పోసినా లాక్టోజే అయితే ఒక చెంచా ఏం చెయ్యదు. కళ్ళకద్దుకుని తిననివ్వండి.